పొద్దుటి చేతులు

మా చర్చిలో నేను రెండుసార్లు లేచి సాక్ష్యం చెప్పాను. మొదటిది అబద్ధం. రెండోది ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి. ఆ రెంటి మధ్య గడిచిన తొమ్మిది వారాల్లో ఎక్కడైనా అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు.

సాక్ష్యం అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మా తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆరాధన మధ్యలో కాసేపు మైకు జనం చేతికి వస్తుంది. దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి చెప్పాలి. ఉద్యోగం దొరికిందని ఒకరు, గ్రీన్‌కార్డు వచ్చిందని ఒకరు, కాన్పు సుఖంగా అయిందని ఒకరు. ఇక్కడ అమెరికాలో, మేముండే క్యారీ ఊళ్ళో మాకు సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమ ఆరాధన ముగించుకుని వెళ్ళాక, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మాకు హాలు ఇస్తారు. ఈ ఒంటిగంట సంగతి గుర్తుంచుకోండి. నా అబద్ధం అంత బాగా అతికింది ఆ టైము వల్లే.

నాకు కీళ్ళవాతం. పెద్దతనం వల్ల వచ్చే అరుగుడు కాదు, ఒంట్లోని రక్షణ దళమే సొంత కీళ్ళ మీద తిరగబడే రకం. పొద్దున లేచేసరికి వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. పేస్టు మూత రాదు. చొక్కా గుండీ పట్టదు. వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంటే తొమ్మిదిన్నరకి కొంచెం వదులుతాయి. పదకొండయ్యేసరికి నేను మామూలు మనిషిని. అందుకే ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వస్తే పదకొండు దాటాకే పెట్టేదాన్ని. పొద్దున పెడితే ఒకటో తరగతి పిల్ల పలక మీద గీసినట్టు వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి నన్ను చూసినవాళ్ళు నాకు జబ్బుందంటే నమ్మరు.

ఇక నా ఉద్యోగం. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించేటప్పుడు వచ్చే వివరాలన్నీ భద్రం చేసే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. దాన్ని బయటికి వదిలేముందు ఆఖరిసారి పరీక్షించి ‘సరే’ అనేది నేను. నేను సరే అనకపోతే రిలీజ్ ఆగిపోతుంది. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఒకసారి కంపెనీ పెద్ద ఒకాయన ఫోన్ చేసి కేకలేసినా ఆపాను. డోసు రాసే చోట దశాంశ బిందువు పక్కకి జరుగుతోంది మరి, ఎలా వదులుతాను? ఇంట్లో నా మాట ఎవరు విన్నా వినకపోయినా, ఆ ఒక్క ‘సరే’ కోసం నలభైమంది నోరు మూసుకుని ఎదురుచూసేవాళ్ళు. ఆ పని నాకు ప్రాణం. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట.

అందరూ ఇళ్ళ నుంచి పనిచేసిన ఆ కొన్నేళ్ళలోనే ఈ జబ్బు మొదలైంది కాబట్టి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. పదింటి దాకా చదివే పనులు, వినే పనులు పెట్టుకునేదాన్ని. కెమెరా ఆపేసి, చేతులు వేడినీళ్ళ గిన్నెలో ఉంచి మీటింగులు వినేదాన్ని. సాయంత్రం ఆరున్నర దాకా కూర్చుని పని పూర్తిచేసేదాన్ని. ఎవరికీ ఏ లోటూ రాలేదు.

తర్వాత ఆ మెయిల్ వచ్చింది. మంగళ, బుధ, గురువారాలు అందరూ ఆఫీసుకి రావాలి, ఎనిమిదిన్నరకల్లా. ఆరోగ్య కారణాలు ఉన్నవాళ్ళు డాక్టర్ ఉత్తరంతో హెచ్ఆర్‌కి ఫారం నింపి పంపవచ్చు. ఆ ఫారం డౌన్‌లోడ్ చేశాను. తెరిచాను. ‘మీరు చేయలేని పనులేమిటి?’ అని మొదటి ప్రశ్న. మూసేశాను. యాభై ఏడేళ్ళ ఆడమనిషి, చేతులు పనిచేయవు అని నా చేత్తో నేనే రాసిస్తే, రేపు మనుషుల్ని తగ్గించే రోజు వచ్చినప్పుడు ఎవరి పేరు ముందు కనబడుతుంది?

మా ఆయన స్టేట్ గవర్నమెంటులో రిటైరై ఇంట్లోనే ఉంటాడు. “ఫారమే కదే, నింపి పడెయ్” అన్నాడు. “నీకేం, నువ్వు రిటైరయ్యావు” అని కసిరాను.

ఫారం నింపడానికి బదులు నేను చేసిన పని ఏమిటంటే, మా పాస్టర్‌గారి భార్యకి ఫోన్ చేశాను. ఆవిడని మేమంతా అమ్మగారు అంటాం. “కీళ్ళవాతం వల్ల పొద్దున్నపూట చేతులు కొంచెం నొప్పిగా ఉంటున్నాయండీ, ప్రార్థనలో పెట్టండి” అన్నాను. అంతే అన్నాను. గంట తిరక్కుండా సంఘం వాట్సాప్ గ్రూపులో, నా పేరుతో సహా, ‘కీళ్ళవాతముతో మంచము పట్టియున్న మన సహోదరి స్వస్థత కొరకు భారముతో ప్రార్థించగలరు’ అని వచ్చేసింది. అది చదివేటప్పటికి మంచం పట్టిన ఆ సహోదరి నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. కింద డెబ్భై దండాల బొమ్మలు. తల కొట్టేసినట్టయింది.

ఆ గ్రూపులో మా మేనేజర్ భార్య ఉందని నాకు తెలియదా? తెలుసు. బుర్ర పనిచేయలేదు.

మా మేనేజర్ ముప్పై అయిదేళ్ళ కుర్రాడు. నర్సాపురం వైపువాడు. ఉద్యోగం పోతే దేశం వదలాల్సిన హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు, ఇద్దరు పసిపిల్లలు. మా చర్చికే వస్తాడు. ఆఫీసులో ఇక్కడి పద్ధతి ప్రకారం నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. చర్చిలో ఆంటీ అనేవాడు. రెండూ ఎప్పుడూ కలిసేవి కావు. సోమవారం పొద్దున ఆఫీసు కాల్‌లో వాడి మొదటి మాటలోనే కలిసిపోయాయి.

“ఆంటీ, ఏంటండీ ఇది? నాకొక్క ముక్క చెప్పాలి కదండీ!”

“అబ్బే, అంత లేదయ్యా. అమ్మగారు కాస్త ఎక్కువ రాశారు.”

“ఆయ్, మీరలాగే అంటారు. మా అమ్మమ్మకీ ఇదేనండి, నాకు తెలీదా? మీరసలు ఆఫీసుకి రావద్దు. ఫుల్ రిమోట్. డైరెక్టర్‌తో మాట్లాడేశాను. ఫారాలూ గీరాలూ ఏం వద్దు, నేను మేనేజ్ చేస్తాను. మీరు రెస్ట్ తీసుకోండి.”

ఆ రోజు నేను సంతోషించాను. సంతోషించలేదని ఇప్పుడు చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. వాడి పిల్లలకి జంతికలు కూడా చేసి పంపాను.

బుధవారం నా క్యాలెండర్‌లోంచి ఒక మీటింగ్ మాయమైంది. గురువారం ఇంకో రెండు. శుక్రవారం తెలిసింది, వచ్చే రిలీజ్‌కి ఆఖరి పరీక్ష మా టీమ్‌లో అందరికంటే చిన్నదైన అమ్మాయికి ఇచ్చారని. మంచి పిల్లే, నేనే నేర్పాను, కానీ ఇంకా డోసు పేజీ ఒంటరిగా చూసే అనుభవం లేదు. నాకేం ఇచ్చారు? ఎవరూ తెరవని పాత యూజర్ మాన్యువల్ సరిదిద్దమని ఇచ్చారు. తొందరేం లేదట. ఎప్పుడైనా పర్లేదట.

‘ఎప్పుడైనా పర్లేదు’ అనే మాట అంత విషమని నాకు అప్పటిదాకా తెలియదు. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే ఎవరూ పలకరించరు. నేనే ఎవరికో మెసేజ్ పెడితే ‘మీరు ఎలా ఉన్నారు, జాగ్రత్త’ అని జవాబు. పని గురించి అడిగితే కూడా అదే జవాబు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వెనక డెక్ మీదికి తిరిగేదాన్ని. ఉన్న అలమరలన్నీ సర్దాను. సర్దినవి మళ్ళీ సర్దాను. మా ఆయన కాళ్ళు పైకెత్తి సోఫాలో కూర్చుని, “కాస్త ఒకచోట ఉండవే తల్లీ, చూసే నాకు కళ్ళు తిరుగుతున్నాయి” అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అసలు మండింది ఆయన మీద కాదు. పదకొండింటికి నా చేతులు చక్కగా వదులయ్యేవి. వదులై, చేయడానికి ఏమీ లేక ఒళ్ళో పడి ఉండేవి. నొప్పి ఉన్నప్పుడు కూడా ఏడవలేదు గానీ, అలా చూసి ఒకరోజు ఏడ్చాను.

సరిగ్గా ఆ వారమే కంపెనీవాళ్ళు ఉద్యోగుల ఉత్సాహం కొలిచే సర్వే పంపారు. ‘నా పని నాకు రోజూ ఉత్సాహాన్నిస్తోంది. ఒకటి నుంచి అయిదు దాకా గుర్తించండి.’ సున్నా ఎక్కడుందా అని వెతికాను. లేదు. సర్వే మూసేసి మేనేజర్‌కి ఫోన్ చేశాను.

“నా పని నాకు ఇచ్చెయ్యి బాబూ. మాన్యువల్ నా వల్ల కాదు.”

“ముందు తగ్గనివ్వండాంటీ. తగ్గాక మీ పని ఎక్కడికి పోద్ది? మా ఆవిడ రోజూ మీ కోసం ప్రేయర్ చేస్తోందండి.”

ఏమనగలను? తిట్టడానికి లేదు, వాడు మంచివాడు. హెచ్ఆర్‌కి ఫిర్యాదు చేయవచ్చు, నా హక్కే. చేస్తే పసిపిల్లలతో వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం మీదికి వస్తుందేమో. ఆ పాపం నాకెందుకు? కాబట్టి నాకు మిగిలిన దారి ఒక్కటే, తగ్గాలి. ఈ జబ్బేమో తగ్గేది కాదు, అదుపులో ఉండేది మాత్రమే.

సరిగ్గా అప్పుడే మా డాక్టర్, వాపు ఎక్కువగా ఉందని, రెండు వారాలకి స్టెరాయిడ్ బిళ్ళలు రాసింది. మూడో రోజుకి నాకు రెక్కలొచ్చాయి. పొద్దున ఆరింటికే పేస్టు మూత తిప్పేశాను. ఇది బిళ్ళల మహిమ అనీ, అయిపోగానే మళ్ళీ మొదటికొస్తుందనీ డాక్టర్ చెప్పే పంపింది. నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ ఆదివారం మైకు తిరుగుతుంటే లేచాను. మా ఆయన నా కొంగు పట్టుకుని లాగాడు. విదిలించుకున్నాను.

“వందనాలండీ. మీ అందరి ప్రార్థన దేవుడు విన్నాడు. నా చేతులు బాగయ్యాయి. చూడండి” అని రెండు చేతులూ పైకెత్తి పిడికిళ్ళు మూసి తెరిచాను. మూసి తెరిచాను. హాలంతా హల్లెలూయలతో దద్దరిల్లింది. అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. మూడో వరసలో మా మేనేజర్ చిన్నపిల్లని భుజాన వేసుకుని నిలబడి చప్పట్లు కొట్టాడు. వాడి కోసమే చెప్పానని నాకు తెలుసు, దేవుడికి తెలుసు.

సోమవారం పొద్దున్నే ఫోన్.

“ఆంటీ, ప్రైజ్ ద లార్డ్! డైరెక్టర్‌తో చెప్పేశానండి, షీ ఈజ్ ఫుల్లీ రికవర్డ్ అని. రిలీజ్ మళ్ళీ మీదే.”

“థాంక్స్ నాయనా!”

“ఇంక ఎక్సెప్షన్ అక్కర్లేదు కదండి. రేపట్నుంచి మంగళ, బుధ, గురు ఆఫీసుకి వచ్చేయండి. ఎయిట్ థర్టీ.”

బాగైనదానివి, ఎందుకు రావు? తిరుగులేని ప్రశ్న.

స్టెరాయిడ్లు ఉన్నన్ని రోజులు బాగానే నడిచింది. అయిపోయిన నాలుగో రోజుకి చేతులు మళ్ళీ కర్రలు. స్టీరింగ్ పట్టుకోలేను. మా ఆయన ఏడింటికల్లా నన్ను కారెక్కించేవాడు. గుడ్డసంచిలో బియ్యం పోసి కుట్టి, మైక్రోవేవ్‌లో వేడిచేసి నా ఒళ్ళో పెట్టేవాడు. ఆ మూటలో రెండు చేతులూ దూర్చుకుని ఐ-ఫార్టీ హైవే మీద ట్రాఫిక్ చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరైనా చూస్తారని బిల్డింగ్ వెనక గేటు దగ్గర దిగేదాన్ని. నా కారు ఏమైందని అడిగితే సర్వీసింగ్‌కి ఇచ్చామన్నాను. ఏడు వారాలు సర్వీసింగ్‌లో ఉంది నా కారు.

లోపల ఇంకో నాటకం. బ్యాడ్జి రెండు అరచేతుల మధ్య పట్టుకుని తలుపు దగ్గర ఆనించేదాన్ని. ఎనిమిదిన్నరకి అందరి ముందు టైప్ చేయాల్సి వస్తే, ఆ చిన్నమ్మాయిని పిలిచి, “నువ్వు టైప్ చెయ్యమ్మా, చేస్తేనే వస్తుంది” అనేదాన్ని. ఆవిడకి ఎంత ఓపికో, ఎంత బాగా నేర్పుతుందో అని అందరూ మెచ్చుకున్నారు. పాపం ఆ పిల్ల నాకు థాంక్యూ కార్డు కూడా ఇచ్చింది. దాన్ని సొరుగులో బోర్లా పెట్టాను.

కానీ ఒక్కమాట ఒప్పుకోవాలి. పదకొండు దాటాక నా పని నా చేతిలో ఉన్నప్పుడు, ఆ గంటలు నాకు పండగ. ఒక పేజీలో రోగి బరువు పౌండ్లలో కొడితే కిలోలుగా లెక్కేస్తున్న తప్పు పట్టుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి బిర్యానీ ఆర్డర్ చేశాం. ఈ పని కోసం పొద్దున మూడు గంటల నరకం భరించవచ్చు అనుకున్నాను. భరించేదాన్నే, పిన్నిగారు లేకపోతే.

పిన్నిగారికి అరవై ఎనిమిదేళ్ళు. బాపట్ల ఆవిడ. మా చర్చి సభ్యురాలు. ఇక్కడి ఇండియన్ కిరాణా షాపులో కౌంటర్ దగ్గర నిలబడి బిల్లులు కొడుతుంది. ఇంట్లో ఊరికే కూర్చోలేను అంటుంది, ఆ విషయంలో మేమిద్దరం ఒకటే. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. నేను సాక్ష్యం చెప్పిన తర్వాతి ఆదివారం కుంటుకుంటూ నా దగ్గరికొచ్చింది.

“అమ్మాయ్, స్వస్థత పొందిన చేతులు కదా నీయి, నా మోకాళ్ళ మీద పెట్టి ప్రార్థన చెయ్యవే.”

వద్దనలేకపోయాను. పెట్టాను. ఆవిడ ఆమేన్ అన్నది ఎంత గట్టిగానో! ఆ రోజు నుంచి చర్చిలో ఆవిడ వైపు చూడ్డానికి మొహం చెల్లేది కాదు. తప్పించుకు తిరిగాను.

కొన్ని వారాల తర్వాత ఒక శనివారం బెండకాయలు, పెరుగు తేవడానికి ఆ షాపుకి వెళ్ళాం. మా ఆయన కారులోనే ఉన్నాడు. కౌంటర్ దగ్గర పిన్నిగారు. మొహం పీక్కుపోయింది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, ఇంకో చేత్తో బిల్లు కొడుతోంది.

“ఏంటి పిన్నిగారూ, అలా ఉన్నారు?”

“ఏం లేదమ్మాయ్. తల తిరుగుతోంది పొద్దుట్నుంచీ. బిళ్ళలు మానేశాను కదా.”

“ఏం బిళ్ళలు?”

“అన్నీనూ. మోకాళ్ళవి, బీపీవి. పది రోజులైంది. నీకు ఒక్కసారికే తగ్గిపోయిందే, నాకు ఇంకా తగ్గట్లేదు. నాలో విశ్వాసం చాలట్లేదేమోనే!”

బెండకాయల సంచి బల్ల మీద వదిలేశాను.

“పిన్నిగారూ, ఇవాళే, ఇప్పుడే బీపీ బిళ్ళ వేసుకోండి. ఇంటికెళ్దాం రండి, మా ఆయన దింపుతారు.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. ముసలిదే గానీ తెలివితక్కువది కాదు.

“నువ్వు వేసుకుంటున్నావా?”

వెనకాల ఒకాయన పాల డబ్బాలతో నిలబడి ఉన్నాడు. ఆయన వింటున్నాడా లేదా అని కూడా చూసుకోలేదు.

“వేసుకుంటున్నానండీ. ఒక్కరోజు కూడా మానలేదు. నాకు తగ్గలేదు.”

“మరి అలా ఎందుకు చెప్పావే, దేవుడి ముందర?”

“ఉద్యోగం కోసం.”

“ఉద్యోగం కోసమా” అని ఆవిడ నెమ్మదిగా అంది. తర్వాత నా బెండకాయలు తూచి, సంచిలో వేసి, నా చేతికి ఇవ్వకుండా బల్ల మీదే పెట్టింది. మేము దింపుతామంటే ఒప్పుకోలేదు. షాపు వెనక గదిలోకి వెళ్ళి కూతురికి ఫోన్ చేసుకుంది. కూతురు వచ్చి తీసుకెళ్ళేదాకా మేము కారులోనే కూర్చుని చూశాం.

ఆ సాయంత్రం మా ఆయన టీవీ కట్టేసి నా పక్కన కూర్చున్నాడు. “రేపు లేచి చెబుతావు, అంతేగా?” అన్నాడు.

“చెప్పాలి.”

“చెబితే సోమవారానికి నీ పని పోద్ది. మళ్ళీ ఆ మాన్యువల్. ఆలోచించుకో.”

“ఆలోచించకుండానే చేశాను ఇన్నాళ్ళూ” అన్నాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం మైకు నా వరసలోకి రాగానే లేచాను. పిన్నిగారు ముందు వరసలో కూర్చుంది. మేనేజర్ ఎప్పటిలా మూడో వరసలో.

“వందనాలండీ. తొమ్మిది వారాల కింద నా చేతులు బాగయ్యాయని ఇక్కడే చెప్పాను. బాగవలేదు. అప్పుడు స్టెరాయిడ్లు వాడుతున్నాను. అబద్ధం చెప్పాను. నా సాక్ష్యం విని ఎవరైనా మందులు మానేసి ఉంటే, దయచేసి ఇవాళే మొదలుపెట్టండి. నాకు ఈ జబ్బు ఉంది. రేపూ ఉంటుంది. దేవుడు నన్ను క్షమించాలి, మీరూ క్షమించాలి. ఇప్పుడు ఒంటిగంట దాటింది కాబట్టి ఇలా ఉన్నాయి, పొద్దున ఏడింటికి వచ్చి చూడండి నా చేతుల్ని.”

ఆమేన్ లేదు, హల్లెలూయ లేదు. ఎవరో దగ్గారు. అమ్మగారు గబగబా ఒక పాట అందుకున్నారు, శ్రుతి కూడా చూసుకోకుండా. అందరూ చాలా పెద్దగా పాడారు. మా మేనేజర్ చిన్నపిల్లని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆరాధన అయ్యాక సమోసాలు, టీ దగ్గర నా చుట్టూ ఖాళీ ఏర్పడింది. పిన్నిగారు మాత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది.

“పొద్దున బీపీ బిళ్ళ వేసుకున్నాను” అంది. “నీ మీద కోపం మాత్రం పోలేదు. షాపులో స్టూలు అడుగుతా, నిలబడలేను అని చెబుతా. ఇన్నాళ్ళూ అడగలేదు, తగ్గిపోద్దిలే అని.” అని టీ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

పార్కింగ్‌లో మేనేజర్ నా కోసమే ఆగాడు. పిల్లని కారు సీటులో కట్టి, తలుపు వేసి నా వైపు తిరిగాడు. వాడికి కోపం వస్తే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

“నేనేం చెప్పాలండి డైరెక్టర్‌కి? మొదట సిక్ అన్నాను. తర్వాత రికవర్డ్ అన్నాను. ఇప్పుడు మళ్ళీ సిక్కా? నా మాటకి వాల్యూ ఉంటదాండి అక్కడ? నా సంగతి మీకు తెలీదా?”

“తెలుసు. తప్పే.”

“మీ మంచికే కదండి చేశాను! ఫుల్ రిమోట్ ఇచ్చాను, పని తగ్గించాను...”

అక్కడ నేను ఆగలేకపోయాను. తప్పు చేసినదాన్ని తలొంచుకుని ఉండాలి. నా నోరు అలాంటిది కాదు.

“అదేనయ్యా నేను చెప్పేది! నాకు కావలసింది పొద్దున ఒకటిన్నర గంట. నువ్విచ్చింది రోజంతా. రోజంతా ఏం చేసుకోను నేను? నా పని తీసేసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రెస్ట్ అన్నావు. ఆ రెస్ట్‌లో నాకు పిచ్చెక్కింది. అందుకే అబద్ధమాడాను!”

“ఒకటిన్నర గంట కావాలని మీరు అడిగారాండి?” అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. “ఒక్కసారి, నాతో, అడిగారా?”

నిజమే. దేవుణ్ణి అడిగాను, అమ్మగారిని అడిగాను, రెండు వందలమందిని నిలబెట్టి వినిపించాను. వీడిని మాత్రం అడగలేదు. అడిగితే కాగితం మీదికి ఎక్కుతుందని, ఎక్కితే ముసలిదాన్నీ రోగిష్టిదాన్నీ అయిపోతానని. కారు అద్దంలోంచి వాడి చిన్నపిల్ల నన్ను చూసి చెయ్యి ఊపుతోంది. ఊపాను.

మంగళవారం పొద్దున ఏడింటికి ఆ ఫారం ప్రింటు తీశాను. మా ఆయన బియ్యం మూట తెచ్చాడు. వద్దన్నాను. కలం రెండు వేళ్ళ మధ్య నిలబడక, పిడికిట్లో పట్టుకున్నాను, గరిటె పట్టినట్టు. ‘మీరు చేయలేని పనులేమిటి?’ దగ్గర, పది గంటల ముందు టైపింగ్, డ్రైవింగ్ అని రాశాను. ‘మీకు కావలసిన మార్పు?’ దగ్గర, పది నుంచి ఆరున్నర వరకు పని, ఆఫీసు రోజుల్లో కూడా అంతే అని రాశాను. కింద కొంచెం ఖాళీ ఉంది. అక్కడ వాళ్ళు అడగని మాట కూడా రాశాను, నా పని మారకూడదు, ఆఖరి పరీక్ష నాదే అని. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సంతకం అయితే చెప్పనే అక్కర్లేదు. మా ఆయన చూసి, “ఎప్పటిలా పదకొండింటికి పెట్టకూడదటే?” అన్నాడు.

“కూడదు” అన్నాను.

సోమవారం డాక్టర్ ఇచ్చిన ఉత్తరం జతచేసి, హెచ్ఆర్‌కి పంపేముందు దాన్ని మా మేనేజర్ బల్ల మీద పెట్టాను. ఎనిమిదీ నలభై. వాడు ఆదివారం తర్వాత నాతో మాట్లాడలేదు. కాగితం మొత్తం చదివాడు. సంతకం దగ్గర ఆగాడు.

“ఇది మీ సంతకమేనా? సిస్టమ్‌లో ఉన్నదానిలా లేదు. హెచ్ఆర్ వాళ్ళు డౌట్ పడతారు.”

“అది పదకొండింటి సంతకం. ఇది ఏడింటిది. వాళ్ళకి తెలియాల్సింది ఇదే.”

వాడు ఆ గీతల్ని చాలాసేపు చూశాడు. మా పక్కనుంచి ఎవరో కాఫీ పట్టుకుని వెళ్ళారు. తర్వాత కాగితాన్ని మడవకుండా జాగ్రత్తగా ఫోల్డర్‌లో పెట్టాడు. ఆఫీసులో పిలిచినట్టు నా పేరు పెట్టి పిలిచాడు, ఎన్నాళ్ళ తర్వాతో.

“రేపటి రిలీజ్ వదలొచ్చా? మీరు సరే అంటారా?” అన్నాడు.

“డోసు పేజీ ఇంకా చూడలేదు” అన్నాను. “పదింటి తర్వాత అడుగు.”